వీధికీ ట్రాక్‌కీ ఒకే కాయిలోవర్లు: ఎమ్2 కాంపిటీషన్, వైజాగ్ ఉప్పుగాలి, ఏం తీసుకోమంటారు?

#1 · ఎండాడ_ఎమ్2 · విశాఖపట్నం

నమస్తే అందరికీ. మూడేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు.

నా బండి 2019 బీఎండబ్ల్యూ ఎమ్2 కాంపిటీషన్, నేను రెండో ఓనర్‌ని. ఈ మోడల్‌కి కంపెనీ ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు, అంటే షాకులు, ఇవ్వలేదు. బటన్ నొక్కితే స్టీరింగ్ మారుతుంది, ఇంజన్ మారుతుంది, షాకులు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి.

వాడకం ఇదీ: వారంలో ఐదు రోజులు ఎండాడ నుంచి హనుమంతవాక మీదుగా సిరిపురం ఆఫీసు. ఆదివారం భీమిలి దాకా. ఏడాదికి మూడు నాలుగు సార్లు చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్. లారీ మీద వేసుకెళ్లే స్తోమత లేదు, కాబట్టి 800 కిలోమీటర్లు నడుపుకుంటూ వెళ్లి అదే బండిలో తిరిగి రావాలి. ఏదైనా విరిగితే ఒంగోలు దగ్గర హైవే పక్కన కూర్చోవాల్సిందే.

పోయినసారి మూడో సెషన్ నుంచి ముందు భాగం తేలిపోతున్నట్టు అనిపించింది. స్టీరింగ్ తిప్పుతున్నా బండి బయటికే పోతోంది. మలుపు అంచున ఉండే కర్బ్ ఎక్కితే వెనక చక్రం గెంతుతోంది, మళ్లీ ఆనడానికి టైం పడుతోంది. ఇంటికొచ్చి చూస్తే ముందు టైర్ల బయటి అంచులు ఎలక కొరికినట్టు ఉన్నాయి.

కాయిలోవర్లకి, అంటే ఎత్తు మార్చుకునే స్ప్రింగూ షాకుల సెట్‌కి, 5 లక్షల దాకా పెట్టగలను. నా లిస్టులో ఉన్నవి ఓలిన్స్ రోడ్ అండ్ ట్రాక్, కేడబ్ల్యూ వేరియంట్ 3, బిల్‌స్టీన్ బి16, ఇంకా తైవాన్ నుంచి వచ్చే 30 క్లిక్కుల సెట్లు (షాకు గట్టిదనం మార్చే నాబ్‌కి 30 మెట్లు). వీటిలో ఏది? ఇంకోటి, మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ చాలా నిటారు. ఇప్పుడే ముందు పెదవి గీసుకుంటోంది.

#2 · పప్పుచారు · విజయనగరం

5 లక్షలు పెట్టి గట్టి షాకులు వేయించుకుని, ఆ తర్వాత నడుం నొప్పికి ఇంకో లక్ష. ఏటి గురూ ఇది! మధురవాడలో జాగా కొనుక్కో.

#3 · మూడో_గేరు · చెన్నై

పప్పుచారు అన్నా, మధురవాడలో 5 లక్షలకి జాగా కాదు, గేటు వస్తుంది.

ఎమ్2 బ్రో, షాకుల సంగతి తర్వాత. ముందు నాలుగు జవాబులు కావాలి. ట్రాక్‌లోకి వెళ్లేముందు టైర్లలో గాలి ఎంత పెట్టావు? దిగాక ఎంత చూశావు? బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చావు? ప్యాడ్లు కంపెనీవేనా? నేను ఆ ట్రాక్ మీద తిరగడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. ‘సస్పెన్షన్ పోయింది’ అంటూ పిట్‌లోకి వచ్చే పది మందిలో ఏడుగురి కష్టం గాలి గేజీతోనే తీరిపోతుంది.

#4 · ఎండాడ_ఎమ్2

గాలి డోర్ స్టిక్కర్ మీద ఉన్నట్టే పెట్టాను, చల్లగా 35 పీఎస్‌ఐ. దిగాక చూడలేదు. ఫ్లూయిడ్ పాత ఓనర్ మార్చిందే, రెండేళ్లు దాటి ఉంటుంది. ప్యాడ్లు కంపెనీవే. అన్నట్టు, మూడో సెషన్‌లో బ్రేక్ పెడల్ కూడా కాస్త లోపలికి పోయింది. అది వేరే సమస్య అనుకుని రాయలేదు.

#5 · మూడో_గేరు

వేరేది కాదు, అసలు సమస్య అదే. పెడల్ మీద నమ్మకం పోతే మనకి తెలియకుండానే బ్రేక్ ముందుగా నొక్కేసి, తొందరగా వదిలేస్తాం. అప్పుడు ముందు చక్రాల మీద బరువు ఉండదు. బరువు లేని చక్రం తిరగమంటే ఎలా తిరుగుతుంది? ‘ముందు తేలిపోతోంది’ అన్నది సగం ఇదే.

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టినదానికి ఆ పరిమితి 155కి పడిపోతుంది. మీ వైజాగ్ తేమలో రెండేళ్ల ఫ్లూయిడ్ అంటే ట్రాక్ మీద కాఫీ కాచుకోవడమే.

గాలి సంగతి. చల్లగా 35 పెడితే వేడెక్కాక 42, 43 అయి ఉంటుంది. టైరు బెలూన్‌లా ఉబ్బి మధ్యలోనే ఆనుతుంది. నేనైతే 29 దగ్గర మొదలుపెట్టి, ప్రతి సెషన్ తర్వాత వేడి మీదే చూసి 36, 37 దగ్గర నిలిచేలా వదులుకుంటూ పోతాను.

ఇక బయటి అంచులు అరగడం. దానికి మందు క్యాంబర్, అంటే చక్రం లోపలికో బయటికో వాలి ఉండే కోణం. పైభాగం లోపలికి వాలితే మైనస్. ముందు స్ట్రట్ (స్ప్రింగూ షాకూ ఒకటిగా ఉండే కాలు) ఉన్న బండి మలుపులో వాలితే బయటి చక్రం పైభాగం బయటికి ఒరుగుతుంది, బరువంతా అంచు మీద పడుతుంది. కంపెనీ సెట్టింగ్‌లో ముందు క్యాంబర్ తక్కువ, మార్చుకునే వీలు కూడా లేనట్టే. క్యాంబర్ ప్లేట్లు వేసి మైనస్ రెండున్నర డిగ్రీల దగ్గరికి తెచ్చుకో. షాకులు ముట్టుకోకుండానే సగం బండి మారిపోతుంది.

#6 · యార్డ్_మావయ్య · గాజువాక

నేను స్పోర్ట్స్ కారు ఎప్పుడూ నడపలేదు. ముప్పై నాలుగేళ్లు ఓడల పనిలో మెకానికల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి కారు పిచ్చి వల్ల ఈ గుంపులో పడ్డాను. స్ప్రింగు గురించి మాత్రం రెండు మాటలు చెప్పగలను. ఎందుకంటే ఇక్కడ అందరూ నాబ్‌ల గురించే మాట్లాడుతున్నారు, స్ప్రింగు ఊసు ఎవరూ ఎత్తడం లేదు.

బండిని మోసేది స్ప్రింగు, డ్యాంపర్ కాదు. స్ప్రింగు ఊగుతూనే ఉంటానంటే ‘చాల్లే, ఆగు’ అనేదే డ్యాంపర్. అందుకే ముందు అడగాల్సింది, ఈ బండి సెకనుకి ఎన్నిసార్లు ఊగాలి అని. ఒక చక్రం మీద స్ప్రింగు మోసే బరువు 360 కిలోలు అనుకోండి. చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకి 36 న్యూటన్లు అనుకోండి. 36,000ని 360తో భాగిస్తే 100, దాని వర్గమూలం 10, దాన్ని 6.28తో భాగిస్తే సెకనుకి దాదాపు 1.6 ఊపులు. మామూలు ఇంటి కారు 1.2 నుంచి 1.5 మధ్య ఉంటుంది. కాస్త చురుకైన బండి 1.5 నుంచి 2. రెక్కలు లేని ట్రాక్ బండి 2 నుంచి 2.5. అదే స్ప్రింగు రెట్టింపు చేసి 72 పెడితే ఊపు రెట్టింపు కాదు, 2.25 అవుతుంది. అయినా మన బీఆర్‌టీఎస్ రోడ్డు అతుకుల మీద ఆ 2.25తో వెళ్తే పన్నుకి పన్ను తగులుతుంది.

ఇంకో తిరకాసు. ముందు స్ట్రట్‌లో స్ప్రింగు దాదాపు చక్రంతో సమానంగా కదులుతుంది. ఈ బండికి వెనక స్ప్రింగు వేరు, డ్యాంపర్ వేరు. స్ప్రింగు కింది చేతి మీద, చక్రానికి లోపలగా కూర్చుంటుంది. చక్రం 10 మిల్లీమీటర్లు లేస్తే స్ప్రింగు 6 మిల్లీమీటర్లే నలిగింది అనుకుందాం. అప్పుడు 0.6ని రెండుసార్లు గుణించాలి, ఒకసారి కాదు. అంటే 0.36. కాబట్టి వెనక 100 న్యూటన్ల స్ప్రింగు వేసినా చక్రం దగ్గర పడేది 36. కేటలాగులో వెనక అంకె ముందుదానికి మూడింతలు కనిపిస్తే కంగారు పడకండి. కంగారు పడి తగ్గించినవాళ్లని చూశాను.

కాబట్టి బాబూ, అమ్మేవాణ్ని ‘ఎన్ని క్లిక్కులు’ అని కాదు, ‘స్ప్రింగు ఎంత, డ్యాంపర్ కదలిక ఎన్ని మిల్లీమీటర్లు, బంప్ స్టాప్ (కదలిక ఆఖర్న అడ్డుపడే రబ్బరు ముక్క) ఎక్కడ మొదలవుతుంది’ అని అడుగు. జవాబు చెప్పలేకపోతే వేరే కొట్టు చూసుకో.

#7 · కేమన్_కబుర్లు · హైదరాబాద్

మావయ్యా, పాదాభివందనం. వర్గమూలం అర్థమయ్యేలా చెప్పిన మొదటి మనిషి మీరే.

నేను ఓలిన్స్ పక్షం, దాచుకోను. స్వీడన్ కంపెనీ, 1976లో మొదలైంది, 2025 జనవరి నుంచి బ్రెంబో చేతిలో ఉంది. రోడ్ అండ్ ట్రాక్‌లో నాబ్ ఒక్కటే. అది తిప్పితే నలగడం, లేవడం రెండూ కలిసే మారతాయి. ‘ఒక్కటేనా’ అని మొహం చిట్లిస్తారు చాలామంది. నేను మాత్రం ఆ ఒక్కదానికే డబ్బులిచ్చాను. చక్రానికి రెండేసి నాబ్‌లంటే మొత్తం ఎనిమిది. పిట్‌లో ఎండకి తల తిరుగుతూ, పక్కవాడు ‘ఇంకో రెండు క్లిక్కులు బిగించు’ అంటుంటే నాలుగు గుర్తుంచుకోవడమే గగనం. దాని లోపలి వాల్వు వల్ల గుంత తగిలినప్పుడు ఆయిల్ చటుక్కున దారి చూసుకుంటుంది. గచ్చిబౌలి నుంచి నగరం ఆ చివరికి వెళ్లొచ్చినా మా ఆవిడ ఏమీ అనదు. నాకు అంతకంటే పెద్ద పరీక్ష లేదు.

#8 · భీమిలి_బ్రో · విశాఖపట్నం

అందరూ ట్రాక్ గురించి చెప్తున్నారు. నేను సముద్రం గురించి చెప్తా.

నాది ఆక్టేవియా ఆర్‌ఎస్. నాలుగేళ్ల కింద ఎత్తు మార్చుకునే సెట్ ఒకటి వేయించాను. బ్రాండ్ పేరు ఎందుకులే, చవకగా వచ్చింది, అదే నా తప్పు. మా ఇంటి డాబా మీద నుంచి చూస్తే సముద్రం కనిపిస్తుంది. రాత్రి ఆరుబయట పెట్టిన బండి అద్దాన్ని పొద్దున్నే వేలితో రాస్తే ఉప్పు తగులుతుంది.

పద్నాలుగు నెలల తర్వాత వెనక ఎత్తు 10 మిల్లీమీటర్లు పెంచుదామని సి-స్పానర్ పట్టుకుని కూర్చున్నా. ఎత్తు మార్చే అల్యూమినియం కాలరు, అది తిరిగే మరలున్న ఇనప గొట్టం. రెండూ తడి ఉప్పులో పక్కపక్కన ఏడాది కాపురం చేసి ఒకటైపోయాయి. మరలో తెల్లటి సున్నంలాంటి పొడి. తుప్పు వదిలించే స్ప్రే మూడు రోజులు కొట్టాను. సుత్తితో తట్టాను. హీట్ గన్ పెట్టాను. నాలుగో రోజు స్పానర్ పళ్లు జారి కాలరు గాడి విరిగింది, నా బొటనవేలి గోరు కూడా లేచిపోయింది. ఆఖరికి గ్రైండర్‌తో కోయించాల్సి వచ్చింది. ఎత్తు మార్చుకోవచ్చని కొన్నది జీవితంలో ఒక్కసారి, బిగించిన రోజునే మార్చాను.

కాబట్టి వైజాగ్‌వాళ్లు మొదట అడగాల్సింది గొట్టం దేనితో చేశారు అని. కేడబ్ల్యూ వాళ్లది స్టెయిన్‌లెస్ స్టీలు. నా రెండో సెట్ అదే. రెండున్నరేళ్లయింది, చేత్తో తిప్పితే కాలరు తిరుగుతోంది.

#9 · కేమన్_కబుర్లు

బ్రో, హైదరాబాద్‌లో కూర్చుని ఈ కోణం నాకు తట్టనే లేదు. ఒప్పుకుంటున్నా.

#10 · సాగర_జీటీఐ · విశాఖపట్నం

నాది పోలో జీటీఐ, మూడు డోర్లది. డ్యూటీ రాత్రిళ్లు కాబట్టి ఖాళీ రోడ్ల మీద నెమ్మదిగా వెళ్తూ గతుకులు వినడం నాకు అలవాటు.

ఎవరైనా ఏం కొనాలనుకున్నా, కొనేముందు పది రూపాయల పని ఒకటి చేయండి. ముందు డ్యాంపర్ రాడ్డుకి ఒక కేబుల్ టై బిగించి కిందికి నెట్టండి. వారం రోజులు మామూలుగా తిరగండి. ఆ టై ఎక్కడిదాకా జరిగిందో కొలవండి. నేను 35 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు వేయించి, ‘షాకులు గట్టిగా ఉన్నాయి’ అని ఏడాది తిట్టుకున్నాను. టై కడితే మొదటి రోజే బంప్ స్టాప్‌లోకి దూరిపోయింది. అంటే నేను నడిపింది స్ప్రింగు మీద కాదు, రబ్బరు ముక్క మీద. గట్టి అనుకున్నది అసలు కదలిక లేకపోవడం. స్ప్రింగులు తీసేసి పాతవి పెట్టాక బండి మలుపుల్లో కూడా బాగుపడింది.

#11 · యార్డ్_మావయ్య

అమ్మా, ఆ కేబుల్ టై సంగతి మా రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే సగం రిపోర్టులు రాసే పని తప్పేది. ఒక్క జాగ్రత్త: కొన్ని డ్యాంపర్లు తలకిందులుగా బిగిస్తారు, వాటిలో రాడ్డు బయటికి కనపడదు. అక్కడ ఈ చిట్కా పని చేయదు.

#12 · నేలబారు · అనకాపల్లి

అన్నా ఎమ్2కి 50 మిల్లీ దించితే లుక్ వేరే లెవెల్. చక్రానికీ ఫెండర్‌కీ మధ్య వేలు పట్టకూడదు. కిందికి దించితే రోల్, అదే మలుపులో ఒరగడం, కూడా తగ్గుద్ది కదా?

#13 · మూడో_గేరు

తమ్ముడూ, స్ట్రట్ బండిని అంత దించితే కొన్నిసార్లు రోల్ పెరుగుతుంది. బండి బరువు కేంద్రం 50 మిల్లీమీటర్లు దిగితే, అది ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు అంతకంటే ఎక్కువ దిగిపోతుంది. మధ్య దూరం పెరిగింది, అంటే ఒరిగించే లివర్ పొడుగైంది. పైగా కింది చేతులు పైకి వంగిపోయి, చక్రం నలిగేకొద్దీ రావాల్సిన క్యాంబర్ రాదు. ట్రాక్‌కి 15, మహా అయితే 20. ఫొటోలకి నీ ఇష్టం.

#14 · పప్పుచారు

50 దించితే ఎండాడ స్పీడ్ బ్రేకర్ మీద బండి తూగుటుయ్యాలలా ఊగుతూ ఆగిపోతాది. పిల్లలకి టికెట్ పెట్టొచ్చు.

#15 · ఎండాడ_ఎమ్2

చాలా థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. ఒక్క అనుమానం. ‘లో స్పీడ్’, ‘హై స్పీడ్’ డ్యాంపింగ్ అంటారు కదా. నేను ఊళ్లో 40లో వెళ్తాను, ట్రాక్‌లో 180. మరి ట్రాక్‌కి హై స్పీడ్ నాబ్ కావాలి కదా? వేరియంట్ 3లో అది లేదంటున్నారు.

#16 · యార్డ్_మావయ్య

అందరూ పడే గోతిలోనే పడ్డావు బాబూ. ఆ స్పీడు బండిది కాదు, డ్యాంపర్ లోపలి పిస్టన్‌ది. 180లో పెద్ద మలుపు తీసుకుంటున్నప్పుడు బండి మెల్లగా ఒరుగుతుంది. పిస్టన్ సెకనుకి కొన్ని సెంటీమీటర్లే కదులుతుంది, అది లో స్పీడ్. సిరిపురంలో 25లో వెళ్తూ మ్యాన్‌హోల్ మూతలో పడ్డావనుకో, పిస్టన్ తూటాలా కదులుతుంది, అది హై స్పీడ్. బ్రేకు, స్టీరింగు, యాక్సిలరేటరు, అంటే డ్రైవరు చేసేదంతా దాదాపు లో స్పీడ్. గుంత, కర్బ్, వంతెన అతుకు, అంటే రోడ్డు చేసేది హై స్పీడ్.

#17 · మూడో_గేరు

వేరియంట్ 3లో నాబ్‌లు రెండు. నలిగేటప్పటి లో స్పీడ్‌కి 12 క్లిక్కులు, లేచేటప్పటిదానికి 16. హై స్పీడ్ వాల్వు ఫ్యాక్టరీలోనే కట్టేస్తారు. నీకు అదే మంచిది. వేరియంట్ 4లో మూడో నాబ్ వస్తుంది, కానీ డేటా లాగర్ లేకుండా ఏడాదికి నాలుగు రోజులు తిరిగేవాడికి దానితో ఏం పని? బి16లో 10 సెట్టింగులు, ఒకే నాబ్, అది కూడా మంచి సరుకే.

30 క్లిక్కుల గురించి: క్లిక్కు అంటే కేవలం టక్కుమనే చప్పుడు. మొదటి ఐదు క్లిక్కుల్లోనే మార్పంతా వచ్చేసి మిగతా పాతికా ఊరికే తిరిగే సెట్లూ ఉంటాయి. ఏ క్లిక్కుకి ఎంత బలమో చూపించే డైనో షీట్ ఇస్తే తీసుకో.

వెనక స్ప్రింగుని కూడా డ్యాంపర్ చుట్టూ పెట్టే సెట్లు చూపిస్తారు. ఆ పై మౌంటు పుట్టింది డ్యాంపర్ బలం కోసం, బండి బరువు మోయడానికి కాదు. దాని జోలికి పోకు.

#18 · వేదిక_నిర్వాహకుడు

బీచ్ రోడ్డు మీద ఎవరెంత వేగంతో వెళ్లారో రాసిన రెండు పోస్టులు తీసేశాను. అక్కడ పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్లుంటారు. ఇంకోసారి రాస్తే ఖాతా కూడా పోతుంది. సస్పెన్షన్ మీద చర్చ కొనసాగించండి.

#19 · కాగితాల_పులి · రాజమహేంద్రవరం

ఎవరూ ఎత్తని విషయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు నమూనాకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. షాకులు మార్చారని రోడ్డు మీద ఎవరూ వంగి చూడరు, నిజమే. ప్రమాదం జరిగి క్లెయిమ్ పెట్టిన రోజు సర్వేయరు మాత్రం వంగి చూస్తాడు. బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పండి, పాత షాకులు పారేయకండి.

ఇక ట్రాక్ మీద జరిగే డ్యామేజీకి మామూలు పాలసీ డబ్బు ఇవ్వదు. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ మినహాయింపులు అందులో రాసే ఉంటాయి. గోడకి గుద్దితే ఆ గోడా మీదే, ఆ బండీ మీదే.

#20 · ఆటోనగర్_కొలతలు · గాజువాక

నేను అలైన్‌మెంట్ షాపు నడుపుతాను, కాబట్టి నా మాటల్లో స్వార్థం ఉందనుకున్నా ఫరవాలేదు.

ఏ సెట్ కొన్నా బిగించే పనిలో రెండు తప్పులు మళ్లీ మళ్లీ చూస్తున్నాను. ఒకటి, బండి జాకీ మీద వేలాడుతుండగానే రబ్బరు బుష్షుల బోల్టులు పూర్తిగా బిగించేయడం. కిందికి దించగానే బుష్షు మెలిపడి ఉంటుంది, ఆరు నెలల్లో చిరుగుతుంది. బండి తన ఎత్తులో నేల మీద నిలబడ్డాకే ఆఖరి బిగింపు. రెండు, ఎత్తుని ఫెండర్ అంచు నుంచి కొలవడం. ఒకసారి రిపేరైన ఫెండర్ అయితే ఆ కొలత అబద్ధం.

నాలుగు తూకాలు పెట్టి బరువు చూసేటప్పుడు, ముందు ఎడమా వెనక కుడీ కలిపితే మొత్తంలో 50 శాతానికి దగ్గరగా రావాలి. ఒక మూల కాలరు పైకి తిప్పితే ఆ మూలా దాని ఎదురు మూలా బరువెక్కుతాయి, మిగతా రెండూ తేలికవుతాయి. నాలుగు కాళ్ల బల్లకి ఒక కాలు కింద కాగితం మడిచి పెట్టినట్టే. ఆ టైంలో యాంటీ రోల్ బార్ (ఒరుగుడు తగ్గించడానికి ఎడమ కుడి చక్రాలని కలిపే కడ్డీ) లింకులు ఊడదీసి ఉంచాలి, లేకపోతే బారే బరువుని అటూ ఇటూ తోసి కొలత చెడగొడుతుంది.

క్యాంబర్ ఎక్కువైతే టైరు లోపలి అంచు తినేస్తుందని భయపడకండి. టైరుని నిజంగా తినేది టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం. మైనస్ రెండున్నర క్యాంబర్, టో సున్నా ఉంటే ఊళ్లో కూడా సుఖంగా తిరగొచ్చు. నాలుగైదు వేల కిలోమీటర్లకోసారి చూపించుకుంటే చాలు.

#21 · ఎండాడ_ఎమ్2

సరే, తేల్చుకున్నాను. ఇప్పుడే షాకులు కొనడం లేదు. ఫ్లూయిడ్, ట్రాక్ ప్యాడ్లు, క్యాంబర్ ప్లేట్లు, ఒక మంచి గాలి గేజీ. జనవరిలో చెన్నై వెళ్లొచ్చి రాస్తాను.

#22 · నేలబారు

ఉస్సూరుమనిపించావు అన్నా.

#23 · ఎండాడ_ఎమ్2 · (ఐదు నెలల తర్వాత)

మళ్లీ వచ్చాను. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

జనవరిలో పాత షాకులతోనే వెళ్లాను. గాలి 29 దగ్గర మొదలు, వేడి మీద 37. పెడల్ ఆఖరి సెషన్ దాకా రాయిలా ఉంది. 3.717 కిలోమీటర్ల ల్యాప్‌లో నా పాత టైం మీద మూడు సెకన్ల పైచిలుకు తగ్గింది. ముందు టైర్ల అరుగుదల దాదాపు సమానంగా ఉంది. మూడో_గేరు అన్నకి బిర్యానీ బాకీ.

మిగిలిపోయింది ఒకటే, కర్బ్ మీద వెనక చక్రం గెంతడం. అది మాత్రం నిజంగానే డ్యాంపర్ పని. సాగర గారు చెప్పినట్టు కేబుల్ టై కట్టి చూస్తే ముందు ఇంకా 20 మిల్లీమీటర్ల కదలిక మిగిలి ఉంది, కాబట్టి కాస్త దించడానికి చోటుందని తేలింది. ఆ తర్వాతే వేరియంట్ 3 తెప్పించాను. ఓలిన్స్ కూడా నడిపి చూశాను, కేమన్ అన్న చెప్పినంత మెత్తగానూ ఉంది. కానీ నా బండి రాత్రంతా సముద్రానికి కిలోమీటరు దూరంలో నిలబడుతుంది. స్టెయిన్‌లెస్ గొట్టమే నెగ్గింది. దించింది 15 మిల్లీమీటర్లు.

ఇప్పుడు నా తెలివితక్కువ పని. మార్చిలో ట్రాక్ మీద లేచేటప్పటి నాబ్ బాగా బిగించాను, పూర్తిగా మూసి మూడు క్లిక్కులే తెరిచాను. బండి బల్లలా నిలబడింది, సంబరపడిపోయాను. అలాగే ఇంటికి బయల్దేరాను. హైవే మీద ఏమీ తెలియలేదు. మర్నాడు భీమిలి రోడ్డు ఎక్కితే వరస గతుకుల మీద మొదటిది ఫరవాలేదు, రెండోది గట్టిగా, మూడోది నడుం విరిగేలా! స్ప్రింగ్ ఏదో విరిగిందని టెన్షన్‌తో బండి పక్కకి ఆపి కిందికి దూరి చూశాను. ఏమీ లేదు. మావయ్యకి ఫోన్ చేస్తే ఒక్కటే మాట అన్నారు: ‘చక్రం లేవడానికి నువ్వు టైం ఇవ్వడం లేదు బాబూ, ప్రతి గతుక్కీ కొంచెం కొంచెం కిందికి కూర్చుండిపోయి ఆఖరికి రబ్బరు మీద పడుతోంది.’ అక్కడే, కొబ్బరిబొండాల బండి పక్కన, నాలుగు నాబ్‌లూ తిప్పాను. మెత్తగా చేస్తే దెబ్బ తగ్గుతుందని తెలుసు గానీ, లేచేది వదులు చేస్తే తగ్గుతుందని అప్పటిదాకా తెలియదు.

నా అంకెలు, పూర్తిగా మూసి ఎన్ని తెరిచానో ఆ లెక్కన. ఊళ్లో: నలిగేది 9, లేచేది 11. ట్రాక్‌లో: నలిగేది 5, లేచేది 7. చిన్న నోట్‌బుక్‌లో రాసి గ్లోవ్ బాక్స్‌లో పడేశాను. ఒకసారికి ఒకటే మారుస్తున్నా, అది కూడా ముందో వెనకో ఒక్క వైపే.

#24 · భీమిలి_బ్రో

కాలర్లకి గ్రీజు మాత్రం పూయకు. బీచ్ ఇసుక పట్టుకుని గరుకు కాగితంలా తయారవుతుంది. పొడిగా ఆరే లూబ్రికెంట్ కొట్టు. పదిహేను రోజులకోసారి మంచినీళ్లతో కింద కడుగు, పాత టూత్‌బ్రష్‌తో మరలు తోము. నెలకోసారి ప్రతి కాలరూ ఒక చుట్టు అటు తిప్పి మళ్లీ ఇటు తిప్పి, మార్కర్ గీత దగ్గరికి తీసుకురా. గుడ్డ తొడుగులు అమ్ముతారు, అవి తడి పట్టుకుని కూర్చుంటాయి, నేను తీసేశాను.

#25 · సాగర_జీటీఐ

సెల్లార్ ర్యాంప్ ఏమైంది? అందరం మర్చిపోయాం.

#26 · ఎండాడ_ఎమ్2

వాచ్‌మన్ పరిష్కరించాడు. రెండు చెక్క పలకలు అడుగున వేస్తాడు, నేను ఏటవాలుగా ఎక్కిస్తాను. నెలకి 300 అడిగాడు. 5 లక్షల సెట్‌లో లేని సర్దుబాటు అది.

కొలతల అన్నా, బరువు తూకానికి ఎప్పుడు రమ్మంటారు? కొత్త స్ప్రింగులతో చెన్నై కూడా వెళ్లొచ్చాను.

#27 · ఆటోనగర్_కొలతలు

స్ప్రింగులు కూర్చుని ఉంటాయి, ఇప్పుడు సరిగ్గా టైం. ఆదివారం వద్దు, గిరాకీ ఎక్కువ. సోమవారం పదింటికి రండి. ట్యాంకు సగం ఉంచండి, డిక్కీ ఖాళీ చేయండి, ట్రాక్‌లో పెట్టే గాలే పెట్టుకుని రండి. పోయిన నెల ఒకాయన తన బదులు సీట్లో బియ్యం బస్తాలు వేసి డ్రైవర్‌తో పంపించాడు, అవి బ్రేక్ వేసినప్పుడల్లా ముందుకి జారాయి. మీరే కూర్చోవాలి, రెండు గంటలు పడుతుంది. టిఫిన్ చేసి రండి, తిన్నాకే తూకం.